అంజనం నుంచి గోలీ దాకా: కురవి ప్రాంత నేపథ్యంలో ఇంటి నొప్పిమందుల చరిత్ర

వ్యాససంగ్రహం

తలనొప్పికీ, ఒళ్ళునొప్పులకీ వైద్యుణ్ణి అడగకుండానే అంగడిలో మందు కొనుక్కోవడం తెలుగు పల్లెల్లో నేడు సర్వసాధారణం. ఈ అలవాటుకు సుమారు 130 ఏళ్ళ చరిత్ర ఉంది. 1893లో మొదలైన అమృతాంజనం, 1920లో హైదరాబాదులో వెలువడిన జిందా తిలిస్మాత్ ఇంటింటికీ చేరి, వైద్యుడి ప్రమేయం లేని మందుపై నమ్మకాన్ని నెలకొల్పాయి. తర్వాత వచ్చిన గోలీ ఆ నమ్మకాన్నే ఆధారం చేసుకుంది. అయితే పూతమందు విషయంలో అంతగా హాని చేయని అజాగ్రత్త, మింగే మందు విషయంలో ప్రమాదకరమైంది. మందును రసాయనం పేరుతో కాక బాధ పేరుతో పిలిచే వాడుక, పట్టీ కత్తిరించి విడిగా అమ్మే పద్ధతి, తెలుగులో లేని సూచనలు ఇందుకు దోహదం చేశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మహబూబాబాద్ జిల్లా కురవి ప్రాంతం ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలకపదాలు: నొప్పిమందులు, అమృతాంజనం, జిందా తిలిస్మాత్, పారాసిటమాల్, షెడ్యూల్ కె, కురవి, గృహవైద్యం, మాత్ర.

1. ఉపోద్ఘాతం

వైద్యచరిత్ర రచన సాధారణంగా ఆసుపత్రులనూ, మహమ్మారులనూ, ప్రసిద్ధ వైద్యులనూ కేంద్రంగా చేసుకుంటుంది. రోజూ లక్షలమంది చేతులు మారే చిన్నమందు ఆ చరిత్రలో కనిపించదు. నొప్పిమందు అటువంటిది. దానికి చికిత్సాపత్రం ఉండదు, ఆసుపత్రి రిజిస్టరులో నమోదు ఉండదు. దాని జాడ పత్రికా ప్రకటనల్లో, చట్టాల అనుబంధాల్లో, అంగడి వ్యవహారంలో, జనం వాడుకమాటల్లో వెతకవలసిందే.

కురవి ఈ పరిశీలనకు అనువైన ప్రాంతం. తెలంగాణలోని తొలి తెలుగు గద్యశాసనాల్లో ఒకటిగా చెప్పే కొరవి శాసనం వల్ల చరిత్రకారులకూ, వీరభద్రస్వామి ఆలయం వల్ల భక్తులకూ ఈ ఊరు చిరపరిచితం. 2016లో మహబూబాబాద్ జిల్లా ఏర్పడేవరకు ఇది వరంగల్ జిల్లాలో భాగం. సమీపంలోని మానుకోట, డోర్నకల్ స్టేషన్ల మీదుగా వెళ్ళే నిజాం రైలుమార్గం 1889 నాటికే బెజవాడను చేరింది. అంటే ఈ ప్రాంతానికి ఒకవైపు హైదరాబాదు సరుకు, మరొకవైపు బెజవాడ మీదుగా మద్రాసు సరుకు వచ్చే దారి ఏర్పడింది. తెలుగువారి ఇళ్ళలో స్థిరపడిన రెండు తొలి అంగడిమందులు ఆ రెండు నగరాలతోనే ముడిపడినవి కావడం గమనార్హం.

వరి నాట్లు, మిరప ఏరివేత, పత్తి ఏరివేత ఇక్కడి ప్రధానమైన కూలిపనులు. మూడూ వంగి చేసేవి, లేదా గంటలకొద్దీ నిలబడి చేసేవి. నడుమునొప్పి, మోకాళ్ళనొప్పులు, ఎండదెబ్బ వల్ల వచ్చే తలనొప్పి ఇక్కడ రోగాలుగా కాక పనిలో భాగంగా లెక్కకు వస్తాయి. మరుసటి రోజు కూలికి పోగలగడమే ఇక్కడ నొప్పిమందు వాడకానికి అసలు ప్రయోజనం. ఈ ఆర్థిక నేపథ్యాన్ని విడిచి నొప్పిమందుల వాడకాన్ని కేవలం అవగాహనలోపంగా చూడటం సరికాదు.

2. అంగడిమందుకు పూర్వం

అంగడిమందు రాకముందు పల్లెలో నొప్పికి చేసే ఉపచారాల్లో అధికభాగం ఒంటిపైన చేసేవే. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం, ఉప్పుమూటతో కాపడం, శొంఠి అరగదీసి నుదుట పట్టు వేయడం, నువ్వులనూనెతోనో ఇప్పనూనెతోనో మర్దన చేయడం, మొండినొప్పులకు వాత పెట్టడం ఇందులో ముఖ్యమైనవి. ఇవన్నీ ఇంట్లో పెద్దలకో, ఊళ్ళో ఒకరిద్దరికో తెలిసిన విద్యలు. ఆకు ఏదో, కాపడం వేడి ఎంతో, ఎన్ని పూటలో చెప్పే మనిషి ఎదురుగా ఉండేవారు. మందూ, మందు గురించిన జ్ఞానమూ ఒకే చేతిలో ఉండేవి.

లోపలికి తీసుకునే నొప్పిమందుల్లో ప్రధానమైనది నల్లమందు. వలసపాలనలో బ్రిటిష్ ఇండియాలోనూ సంస్థానాల్లోనూ అది అనుమతి పొందిన దుకాణాల్లో దొరికేది. వృద్ధుల కీళ్ళనొప్పులు మొదలుకొని పసిపిల్లల ఏడుపు మాన్పడం వరకు దాన్ని వాడేవారు. స్వాతంత్ర్యానంతరం, 1949లో, పదేళ్ళలో వైద్యేతర నల్లమందు వాడకాన్ని అంతం చేయాలని జాతీయస్థాయిలో నిర్ణయం జరిగింది. ఆ ప్రకారం 1950ల చివరినాటికి నల్లమందు అధికారిక విక్రయం చాలావరకు ముగిసింది. రైతుకూలీ ఇంట్లో నల్లమందు ఖాళీచేసిన స్థానంలోకి సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే కొత్త గోలీలు ప్రవేశించడం ఆలోచించదగిన విషయం. కల్లు, సారా మాత్రం పాతవిధంగానే ఒళ్ళునొప్పుల మందులుగా కొనసాగాయి. ఈ విషయం 6వ విభాగంలో మళ్ళీ అవసరమవుతుంది.

3. 1893: అమృతాంజనం

కృష్ణాజిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు (1867–1938) మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, కలకత్తా, బొంబాయి నగరాల్లో వ్యాపారసంస్థల్లో పనిచేసిన అనుభవంతో 1893లో బొంబాయిలో అమృతాంజనం సంస్థను స్థాపించారు. మొదట్లో సంగీత కచేరీల వంటి సభల్లో దాన్ని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారన్నది ప్రసిద్ధమైన కథనం. ఆ సంపాదనతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికను, 1914లో మద్రాసు నుంచి దినపత్రికను, 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నడిపారు. 1936లో అమృతాంజనం ప్రభుత్వచట్టం ప్రకారం వాటాదారుల సంస్థ అయింది.

తెలుగు సాహిత్యచరిత్రకారులు ఈ సంబంధాన్ని ఒకవైపు నుంచే చూశారు. అంజనం డబ్బు పత్రికను నిలబెట్టిందన్నది అందరూ చెప్పే మాట. పత్రిక అంజనానికి ఏమి చేసిందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. అచ్చులో కనిపించే మందు అంతకుముందు తెలుగు పాఠకుడికి అంతగా పరిచితం కాదు. వైద్యుడు చెప్పినది గాక, పత్రిక చెప్పినది కూడా మందే కావచ్చునన్న భావన ప్రకటనల ద్వారా స్థిరపడింది. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలు నిజాం రాజ్యంలో తెలుగు అచ్చును చదివే వర్గాన్ని తయారుచేశాయి. కురవికి దూరం కాని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లో తెనుగు పత్రికను వెలువరించారు. అచ్చుమాట మీద గౌరవం ఈ ప్రాంతపు పల్లెల దాకా చేరిందనడానికి అదే నిదర్శనం.

అమృతాంజనంలోని ముఖ్యద్రవ్యాలు కర్పూరం, పుదీనాపువ్వు, నీలగిరి తైలం, గంధపూర తైలం. చివరిదానిలో ఉన్నది మిథైల్ శాలిసిలేటు. ఇది ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన రసాయనమే. జర్మనీలో బేయర్ సంస్థ ఆస్పిరిన్ పేరును నమోదు చేసుకొన్నది 1899లో. అంటే శాలిసిలేటు వర్గపు నొప్పిమందు ఆస్పిరిన్ రూపంలో లోకానికి పరిచయం కావడానికి ఆరేళ్ళ ముందే, పూతరూపంలో ఒక తెలుగువాడి అంగడిలో ఉంది. మరో కాలసామ్యం కూడా ఉంది. జర్మన్ వైద్యుడు జోసెఫ్ వాన్ మెరింగ్ పారాసిటమాల్‌ను రోగులపై ప్రయోగించిన వివరాలు ప్రకటించిన సంవత్సరమూ 1893. ఆనాడు ఆ మందును వైద్యలోకం పక్కన పెట్టింది. అర్ధశతాబ్దం తర్వాత అదే అంజనం తెరిచిన దారిలో ప్రతి ఇంటికీ చేరింది.

4. 1920: జిందా తిలిస్మాత్

హైదరాబాదులో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో ప్రారంభించిన యునానీ మందు జిందా తిలిస్మాత్. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనాపువ్వు, వాముపువ్వు ఇందులోని ప్రధానద్రవ్యాలు. రతన్‌జోత్ అనే వేరు వల్ల దానికి ఎర్రని రంగు వస్తుంది. జలుబు, దగ్గు, తలనొప్పి, పన్నునొప్పి, కడుపునొప్పి వంటి అనేక బాధలకు దీన్ని వాడతారు. అమృతాంజనంతో పోలిస్తే ఇందులో ఒక ముఖ్యమైన భేదం కనిపిస్తుంది. దీన్ని పైపూతగా రాసుకోవచ్చు, కొన్ని చుక్కలు వేడినీటిలోనో టీలోనో కలుపుకొని తాగవచ్చు. పూతకూ సేవనానికీ నడుమ గీత మొదట చెరిగింది ఇటువంటి మందుల్లోనే.

రెండు మందుల పేర్లనూ కలిపి చూస్తే ఒక సామాన్యలక్షణం కనిపిస్తుంది. అంజనం అన్నమాటకు కాటుక, కంటికి పెట్టే మందు అనే అర్థాలతోపాటు, అంజనం వేసి దొంగను కనిపెట్టే మంత్రవిద్య స్ఫురణ కూడా తెలుగులో ఉంది. తిలిస్మాత్ అంటే మహిమలు, మాయలు. జిందా అంటే సజీవమైన. ఒకటి సంస్కృత సంప్రదాయం నుంచి, మరొకటి పారశీక, అరబ్బీ సంప్రదాయాల నుంచి వచ్చినా రెండు పేర్లూ అద్భుతాన్నే వాగ్దానం చేశాయి. ఆధునిక వ్యాపారపద్ధతిలో సీసాకెక్కిన మందుకు జనం పాత విశ్వాసాల భాషలోనే స్వాగతం పలికారు. కురవి వంటి ఊళ్ళలో తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషలు మాట్లాడే కుటుంబాలు ఒకే కిరాణాకొట్టుకు వస్తాయి. ఆ కొట్టులో ఈ రెండు సీసాలూ పక్కపక్కనే ఉండటం తెలంగాణ సమ్మిశ్ర సంస్కృతికి చిన్నదే అయినా నిజమైన సాక్ష్యం.

ఈ మందులు కిరాణాకొట్టులో నిలవడానికి సాంస్కృతిక కారణంతోపాటు చట్టపరమైన కారణం కూడా ఉంది. 1940 నాటి ఔషధచట్టం 1951లో హైదరాబాదు వంటి పూర్వసంస్థానాలకు వర్తించింది. 1964 సవరణ ఆయుర్వేద, యునానీ మందుల తయారీని నియంత్రణ కిందికి తెచ్చింది. కానీ వాటి అమ్మకానికి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. ఉప్పు, చింతపండు అమ్మే చోటే మందు కూడా అమ్మవచ్చునన్న భావన అలా చట్టబద్ధంగానే స్థిరపడింది.

5. పూత నుంచి గోలీకి

ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి ఆస్పిరిన్, ఫెనాసిటిన్, కెఫీన్ కలిసిన గోలీలు ప్రపంచమంతటా పనివాళ్ళ నొప్పిమందులయ్యాయి. మనదేశంలో వాటి మూడు ద్రవ్యాల ఆంగ్ల ఆద్యక్షరాలతో ఏపీసీ అన్న పేరు దవాఖానాల్లో వినిపించేది. స్వాతంత్ర్యం తర్వాత అనాసిన్, సారిడాన్, క్రోసిన్ వంటి పేర్లు రేడియో ద్వారా, గోడరాతల ద్వారా పల్లెకు చేరాయి.

ఈ దశలో హైదరాబాదు వినియోగస్థానం మాత్రమే కాక ఉత్పత్తికేంద్రంగా కూడా మారింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారాన్ని నెలకొల్పింది. అక్కడ తయారైన మందుల్లో అనాల్జిన్ ఒకటి. 1970 పేటెంటు చట్టం మందులకు తయారీపద్ధతి మీద మాత్రమే హక్కునిచ్చి, కొత్త పద్ధతిలో అదే మందు తయారుచేసుకొనే వీలు కల్పించింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ అమెరికా అనుమతి పొందిన తొలి ముడి ఔషధం ఇబుప్రోఫెన్ అనే నొప్పిమందే. నేడు సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో పారాసిటమాల్ ముడిసరుకును పెద్ద ఎత్తున తయారుచేసే కర్మాగారం ఉంది. ప్రపంచానికి నొప్పిమందు పంపే రాష్ట్రంలోనే ఆ మందు పొట్లం మీద స్థానికభాషలో సూచన ఉండకపోవడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

గోలీ విజయానికి కారణం దాని బలం ఒక్కటే కాదు, విడిగా కొనగల వీలు కూడా. అంజనం సీసా కొనాలంటే సీసా ధర మొత్తం చెల్లించాలి. గోలీని ఒకటి, రెండుగా కొనవచ్చు. రోజుకూలీతో బతికే ఇంటికి ఇది పెద్ద సౌలభ్యం. పట్టీని కత్తెరతో కత్తిరించి ఇచ్చే పద్ధతి ఈ అవసరం నుంచే పుట్టింది. అలా కత్తిరించిన ముక్కమీద మందుపేరు సగమే ఉంటుంది. మోతాదు, గడువుతేదీ, హెచ్చరిక కొట్టులోనే మిగిలిపోతాయి. పసరుమందు ఇచ్చిన వ్యక్తి మాటగా చెప్పిన జాగ్రత్త పోయింది. అచ్చులో ఉన్న జాగ్రత్త ఇంటికి రాలేదు.

6. పనివాడి నొప్పి, మూత్రపిండాల మూల్యం

పని కోసం నొప్పిని అణచుకొనే అలవాటు ఎటు దారితీస్తుందో యూరపు అనుభవం ముందే చూపింది. స్వీడన్‌లోని హుస్క్‌వర్నా పట్టణంలో కర్మాగార కార్మికులు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా తర్వాత ఫెనాసిటిన్ ఉన్న ఒక పొడిమందును రోజూ వాడటం మొదలుపెట్టారు. జ్వరం పోయినా అలవాటు పోలేదు. దశాబ్దాల తర్వాత అక్కడ మూత్రపిండాల వైఫల్యం అసాధారణంగా పెరిగినట్లు వైద్యులు గుర్తించారు. స్విట్జర్లండు వైద్యులు 1953లోనే ఇటువంటి సంబంధాన్ని ప్రకటించారు. తదనంతరం అనేక దేశాలు ఫెనాసిటిన్‌ను తొలగించాయి. మన దేశంలోనూ 1980ల్లో దానికి నిషేధం వచ్చింది. ఫెనాసిటిన్ శరీరంలో పారాసిటమాల్‌గా మారి పనిచేస్తుందని బ్రాడీ, ఆక్సెల్రాడ్ 1949లో చూపించారు. మూలపదార్థం వెళ్ళిపోగా దాని ఫలితమైన పారాసిటమాల్ నిలిచింది.

కురవి ప్రాంతపు మిరపచేలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం శరీరధర్మానికి సంబంధించినది. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణను కాపాడేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మందులు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకోవడం ద్వారానే. ఈ పనితీరును 1971లో వివరించిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ పురస్కారం లభించింది. కాబట్టి గదిలో కూర్చున్న ఉద్యోగి మింగే గోలీ, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసే కూలి మింగే గోలీ రసాయనికంగా ఒకటే అయినా ఫలితంలో ఒకటి కావు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండ వ్యాధికి ఇదమిత్థంగా కారణం తేలలేదు. నొప్పిమందులే దానికి మూలమనడానికి ఆధారం లేదు. అయితే ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు ఈ మందులు మరింత చేటు చేస్తాయన్నది వైద్యశాస్త్రం అంగీకరించిన విషయం.

పారాసిటమాల్ ప్రమాదం మరో విధమైనది. మోతాదులో వాడితే అది కడుపుకూ మూత్రపిండాలకూ పై మందులకన్నా సురక్షితం. పెద్దలు 24 గంటల్లో 4 గ్రాములు మించి తీసుకోరాదు. 650 మిల్లీగ్రాముల గోలీలు ఆరు వేసుకుంటే ఆ హద్దు దాదాపు చేరినట్లే. ఆ హద్దు బాగా దాటితే కాలేయం దెబ్బతింటుంది. రోజూ సారా, కల్లు అధికంగా తాగేవారికి, పోషకాహారం లేనివారికి తక్కువ మోతాదులోనే ముప్పు రావచ్చు. 2వ విభాగంలో పేర్కొన్న పాత నొప్పిమందు, కొత్త నొప్పిమందు ఒకే శరీరంలో కలిసేది ఇక్కడే.

7. చట్టం దృష్టిలో ఇంటిమందు

చీటీ లేకుండా అమ్మదగిన మందులకు భారతచట్టంలో ప్రత్యేకమైన వర్గం ఏదీ లేదు. షెడ్యూల్ హెచ్ వంటి జాబితాల్లో లేనివాటిని చీటీ లేకుండా అమ్మవచ్చునన్నది పరోక్షమైన అనుమతి మాత్రమే. అయితే 1945 నాటి ఔషధనియమావళిలోని షెడ్యూల్ కె, గృహౌషధాల జాబితా ఒకటి ఇచ్చింది. ఆస్పిరిన్, పారాసిటమాల్ గోలీలు, నొప్పి అంజనాలు, దగ్గు మందులు, ఆముదం, నీలగిరి తైలం, టింక్చర్ అయోడిన్ వంటివి అందులో ఉన్నాయి. వీటిని లైసెన్సు లేని కొట్టు కూడా అమ్మవచ్చు. కానీ ఆ ఊరి జనాభా 1,000కి మించరాదు, అక్కడ లైసెన్సు ఉన్న వ్యాపారి ఉండరాదు, మందును తయారీదారు ఇచ్చిన అసలు పొట్లం విప్పకుండా అమ్మాలి.

ఈ నిబంధనలను కురవి ప్రాంతానికి అన్వయిస్తే ఆసక్తికరమైన చిత్రం వస్తుంది. మండలకేంద్రానికి ఈ మినహాయింపు వర్తించదు. చుట్టూ ఉన్న చిన్న తండాలకు వర్తించే అవకాశం ఉంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తర్వాత అనేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలయ్యాయి. పూర్వపు రెవెన్యూ గ్రామాన్ని లెక్కలోకి తీసుకోవాలా, కొత్త పంచాయతీనా అన్నదాన్ని బట్టి ఒకే కొట్టు చట్టానికి లోబడినదో, వెలుపలిదో అవుతుంది. వాస్తవానికి కొట్టు యజమానిగాని, కొనుగోలుదారుగాని ఈ లెక్క వేయరు. పొట్లం విప్పరాదన్న మూడో నిబంధన ఇంకా కీలకమైనది. చట్టం మినహాయింపు ఇచ్చినప్పుడు పొట్లం మీది రాత వెంట వస్తుందని భావించింది. రోజుకూలీ ఆర్థికవ్యవస్థలో పొట్లమే రాదు.

షెడ్యూల్ హెచ్‌లో ఉన్న డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటి మందులు కూడా చీటీ లేకుండా చేతికందుతున్నాయన్నది అందరికీ తెలిసిన విషయం. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2011లో కేంద్రం నిషేధించింది. అనాల్జిన్‌ను 2013లో నిలిపివేసి, 2014లో షరతులతో తిరిగి అనుమతించారు. 2018లో 328 మిశ్రమ ఔషధాలను నిషేధించగా, సారిడాన్ వంటి కొన్ని పాత మందులకు సుప్రీంకోర్టు ద్వారా ఊరట లభించింది. ఈ ఉత్తర్వులన్నీ ఢిల్లీలో ఆంగ్లంలో వెలువడ్డాయి. ఇంట్లో మిగిలిన గోలీని పిల్లవాడికి సగం విరిచి ఇచ్చే తల్లి దాకా అవి చేరే మార్గం మాత్రం ఏర్పడలేదు.

8. బాధ పేరే మందు పేరు

పూతమందుల కాలంలో మందుకు తయారీదారు పెట్టిన పేరే ఇంటిపేరయింది. ఏ సంస్థ అంజనమైనా అమృతాంజనమే, ఏ బామైనా జండూబామే. గోలీల కాలంలో పరిస్థితి మారింది. పల్లెలో గోలీకి బాధను బట్టి పేరు వచ్చింది. తలనొప్పి గోలీ, జ్వరం గోలీ, ఒళ్ళునొప్పుల గోలీ, పన్నునొప్పి గోలీ అన్నవి ఈ ప్రాంతంలో వినిపించే వాడుకలు. కొనేవారు బాధ చెబుతారు, అమ్మేవారు గోలీ ఇస్తారు. మందు అసలుపేరు ఈ సంభాషణలో ఎక్కడా రాదు.

ఈ వర్గీకరణ తనదైన తర్కం కలిగినదే. పసరువైద్యంలో ఏ బాధకు ఆ ఆకు అన్న సూత్రానికి ఇది కొనసాగింపు. అయితే రసాయన ఔషధాల విషయంలో అది ప్రమాదానికి తావిస్తుంది. జ్వరం గోలీ పారాసిటమాల్. ఒళ్ళునొప్పుల గోలీ అంటే సాధారణంగా ఎసిక్లోఫెనాక్‌నో డైక్లోఫెనాక్‌నో పారాసిటమాల్‌తో కలిపినది. జలుబు గోలీల్లోనూ తరచుగా పారాసిటమాల్ ఉంటుంది. మూడు వేర్వేరు బాధలకు మూడు వేర్వేరు మందులు వాడుతున్నామనుకొనే వ్యక్తి నిజానికి ఒకే మందును మూడుసార్లు మింగుతున్నాడు.

డెంగీ దీనికి స్పష్టమైన ఉదాహరణ. వానకాలంలో తెలంగాణ జిల్లాల్లో ఏటా కనిపించే ఈ వ్యాధిలో జ్వరంతోపాటు తీవ్రమైన ఒళ్ళునొప్పులు ఉంటాయి. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కనుక ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వాడరాదని, జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే వాడాలని వైద్యమార్గదర్శకాలు చెబుతాయి. కొట్టుకు వెళ్ళిన మనిషి “జ్వరం” అని చెబితే అతనికి సరైన మందు దొరకవచ్చు. “ఒళ్ళునొప్పులు” అని చెబితే అదే రోగికి ప్రమాదకరమైన మందు దొరకవచ్చు. ఒక మాట తేడా ఇక్కడ ప్రాణానికి సంబంధించినది.

పూతమందు కూడా పూర్తిగా నిరపాయకరం కాదు. శుద్ధ గంధపూర తైలం 5 మిల్లీలీటర్లలో సుమారు 7 గ్రాముల శాలిసిలేటు ఉంటుంది. పసిపిల్లలు మింగితే అది ప్రాణాంతకం. కానీ చర్మంమీద రాసుకొనే అంజనం కొంచెం ఎక్కువైతే మంట పుట్టి శరీరమే హెచ్చరిస్తుంది. గోలీ ఎక్కువైతే అటువంటి హెచ్చరిక వెంటనే రాదు. పారాసిటమాల్ అతిమోతాదులో మొదటిరోజు రోగి బాగానే ఉన్నట్లు కనిపించడం వైద్యులకు తెలిసినదే. అంజనం నేర్పిన నిర్భయత్వం గోలీకి వర్తించకపోవడానికి కారణం ఇదే.

9. ఇటీవలి దశ

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా ఆశా కార్యకర్తల మందులసంచిలో పారాసిటమాల్ చేరింది. అంగడి ద్వారా మాత్రమే వచ్చే గోలీ, తెలిసిన మనిషి చేతిమీదుగా, ఉచితంగా, మాటసాయంతో రావడం ఈ చరిత్రలో ఒక మలుపు. 2020 మార్చిలో కోవిడ్ తొలిదశలో రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రుల మాటల్లోనూ పారాసిటమాల్ పేరు వినిపించి, రాజకీయ వాగ్వాదంలో భాగమైంది. 2021 మే, 2022 జనవరి నెలల్లో తెలంగాణ ప్రభుత్వం జరిపిన ఇంటింటి జ్వరసర్వేలో లక్షణాలున్నవారికి మందుల కిట్లు అందించారు. ఈ రెండు పరిణామాలవల్ల జ్వరం గోలీకి దాని అసలుపేరు పల్లెలో తెలిసింది. ఒక రసాయన నామం ఇంత విస్తృతంగా జనవ్యవహారంలోకి రావడం అరుదు.

2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 మందుల పొట్లాలమీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. వాటిలో ప్రసిద్ధ పారాసిటమాల్ రకాలూ ఉన్నాయి. నకిలీలను గుర్తించడానికి ఇది మేలైన ఏర్పాటు. కత్తిరించిన పట్టీముక్కమీద ఆ కోడ్ కూడా మిగలదు కనుక విడిగోలీ కొనేవారికి దీనివల్ల ఉపయోగం పరిమితం.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. నొప్పిమందు తెలుగు ఇంటికి ఆసుపత్రి ద్వారా కాక అచ్చు, అంగడి ద్వారా వచ్చింది. 1893, 1920 నాటి రెండు సంస్థలు పెంచిన నమ్మకమే తరువాతి గోలీకి ప్రవేశమార్గమైంది. చట్టం ఈ వాస్తవాన్ని గుర్తించినా, విప్పని పొట్లాన్ని ఊహించి నియమాలు రాసింది. రోజుకూలీతో బతికే ఇల్లు విడిగోలీనే కొనగలిగింది. బాధను బట్టి మందును పిలిచే వాడుక ఒకే రసాయనాన్ని అనేక పేర్లతో మింగించింది.

గోలీ, బిళ్ళ అన్న మాటలు మందు ఆకారాన్ని చెబుతాయి. వైద్యగ్రంథాల మాట అయిన మాత్రలో మాత్రం కొలత అన్న అర్థం ఉంది. వాడుకలో ఆకారం మిగిలి కొలత జారిపోయింది. ఆ కొలతను తిరిగి ఇంటికి చేర్చడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. ప్రతి గోలీ వెనుక దాని పేరు విడిగా అచ్చయి ఉండటం, పొట్లంమీద తెలుగులో రోజువారీ హద్దు ఉండటం, కిరాణాకొట్టు గోడమీద పారాసిటమాల్ ఉన్న గోలీల జాబితా ఒకటి ఉండటం చాలు. కోవిడ్ కాలంలో పారాసిటమాల్ అన్న కష్టమైన మాటను పల్లె సులభంగా నేర్చుకుంది. అర్థమయ్యే భాషలో చెబితే దాని మోతాదును నేర్చుకోవడమూ కష్టం కాదు. పంటచేలో వంగిన నడుముకు మందు హక్కు అయినట్లే, ఆ మందు గురించిన తెలివిడి కూడా హక్కే.